గోడపటములో శాస్త్రచిత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు దీపమారకుండ నిలిచినదన్న, అది సామాన్య విషయము కాదు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రభృతులు శాస్త్రజ్ఞానము తెలుగువాని యింటికి తెలుగుమాటలలోనే రావలెనని తలచిరి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారి పూనికచే గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. ఆ మహనీయులు నాటిన విత్తనములే నేడు ఇట్టి పల్లెలలో చెట్లై నీడనిచ్చుచున్నవి. ఈ శుభసమయమున నన్నాహ్వానించి, నాలుగు మాటలు చెప్పుమని ఆదేశించిన కార్యవర్గమువారికి నా కృతజ్ఞతాభివందనములు.

నేడు నేను చెప్పదలచిన విషయము చూచుటకు చిన్నది. పరిశోధన ఫలితములను తెలుపు గోడపటములకు, అనగా పోస్టర్లకు, స్పష్టమైన శాస్త్రచిత్రములను ఎట్లు సంపాదించవలెను? దొరకనిచో ఎట్లు నిర్మించుకొనవలెను? ఇదియే ప్రశ్న. విశ్వవిద్యాలయములలోను శాస్త్రసభలలోను పరిశోధకులు తమ కృషిఫలమును ఒక పెద్ద కాగితముపై అచ్చొత్తించి, గోడకు తగిలించి, దానిప్రక్క నిలిచి వచ్చినవారికి వివరించు పద్ధతి కలదు. మన ఉన్నతపాఠశాలల బాలబాలికలు వైజ్ఞానిక ప్రదర్శనలకు సిద్ధపఱచు పటములును ఆ జాతివే. వ్యవసాయశాఖవారు పంచాయతి గోడకు అంటించు పటములును ఆ జాతివే. పటము నెదుట మనిషి నిలుచునది రెండు మూడు నిమిషములు మాత్రమే. ఆ స్వల్పకాలములో ముందుగా వాని కంటికి ఆనునది చిత్రము, అక్షరము తరువాత.

చిత్రము స్పష్టముగా లేకున్న మునిగిపోవునదేమి యని కొందఱడుగవచ్చును. ఒక ఉదాహరణము మనవి చేసెదను. 2018వ సంవత్సరమున మనదేశమున తొలిసారిగా కర్ణాటకలో కనబడి, అనతికాలముననే మన మొక్కజొన్న చేలకు ప్రాకిన కత్తెరపురుగును మీలో పెక్కురెఱుగుదురు. దానిని తక్కిన పురుగులనుండి వేఱుచేసి పోల్చుటకు ముఖ్యముగా రెండు గుర్తులు కలవు. తలపై పంగలకఱ్ఱను తలక్రిందులు చేసినట్లుండు లేతవన్నె గీత యొకటి; తోకకు చేరువగా నలుచదరముగా అమరిన నాలుగు నల్లని మచ్చలు రెండవది. పటములో ఆ నాలుగు మచ్చలును అలుకుకొనిపోయి ఒకే మరకగా అచ్చుపడినచో, రైతు ఒక పురుగును చూచి మఱొకటనుకొనును. కూడని మందు కొని చల్లును. పైకము పోవును, పంటయు పోవును. చిత్రముయొక్క స్పష్టత సొగసుకొఱకు కాదనియు, అది పటము చెప్పు మాటలో భాగమేననియు దీనివలన తెలియును.

ఈ సంగతి మన తీరమునందు రెండు శతాబ్దములకు పూర్వమే గుర్తింపబడినది. ఈస్టిండియా కంపెనీ కొలువున విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు కోరమాండల్ తీరమునందలి సర్పములను సేకరించి, రంగుచిత్రములతో 1796లో గ్రంథము ప్రకటించెను. విషసర్పమేదో, విషములేనిదేదో జనులు పోల్చుకొనుటకు తోడ్పడవలెనన్నది ఆయన ఉద్దేశము. 1803లో విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల చిత్రములతో వేఱొక గ్రంథము వెలువడినది. విశేషమేమనగా, ఆయన స్థానికులు చెప్పిన తెలుగు పేరులనే ఆంగ్లలిపిలో వ్రాసికొనెను. ఆయన గ్రంథమున 'కాటుక రేకుల పొడ' అని యున్న పాము మన రక్తపింజరయే. లోకము దానినిప్పుడు ఆయన పేరనే రస్సెల్స్ వైపర్ అని పిలుచుచున్నది. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన 'బుంగారస్' అను పేరు మన 'బంగారు' అను మాటనుండి పుట్టినదే.

అదేకాలమున సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అను మఱొక వైద్యుడు మొక్కలను పెంచి పరిశీలించుచుండెను. ఆయన భారతీయ చిత్రకారులను నియమించి, మొక్కల కొమ్మలను, ఆకులను, విడదీసిన పూలభాగములను చిత్రింపజేసెను. కోరమాండల్ తీరపు మొక్కలను గుఱించి 1795 మొదలు మూడు సంపుటములుగా వెలువడిన గ్రంథమున మూడువందల చిత్రములు కలవు. ఆయన వ్రాయించిన మొత్తము చిత్రములు రెండువేల యైదువందలకు పైబడినవి. కుంచె పట్టిన ఆ చిత్రకారుల పేరులు మాత్రము చాలవఱకు చరిత్రకెక్కలేదు. కాని వారు వ్రాసిన కేసరముల లెక్కను, ఈనెల అమరికను చూచి నేటికిని వృక్షశాస్త్రజ్ఞులు మొక్కలను నిర్ణయించుచున్నారు. చేతిపనిలో ఇంతటి నిజాయితీ యున్నచో పేరు మఱగిపోయినను పని నిలిచియుండును.

ఇక అసలు విషయమునకు వత్తము. స్పష్టత యనగానేమి? కంప్యూటరులోను చరవాణిలోను ఉండు ఛాయాచిత్రము చిన్నచిన్న చదరపు చుక్కల కూర్పు. వీనిని పిక్సెళ్లందురు. మగ్గముపై నేసిన బట్టను తలచుకొనుడు. అంగుళములో ఎన్ని పోగులున్నవో అంత చిక్కని బట్ట. ఆ బట్టను పట్టి సాగదీసినచో వెడల్పు పెరుగును గాని పోగులు పెరుగవు. నడుమ సందులు మాత్రమే పెరుగును. చిత్రముగూడ అంతియే. చిన్న చిత్రమును పటముపై సాగదీసినప్పుడు క్రొత్త వివరము పుట్టదు. ఉన్న చుక్కలే లావెక్కి కనబడును.

అంగుళమునకు ఎన్ని చుక్కలు చాలును? దీనికి జవాబు మన కంటిలోనే యున్నది. ఆరోగ్యవంతమైన కన్ను ఒక డిగ్రీలో అఱువదవవంతు కోణముకంటె దగ్గఱగానున్న రెండు చుక్కలను వేఱువేఱుగా చూడజాలదు. ఈ లెక్కచొప్పున ముప్పది సెంటీమీటర్ల దూరమునుండి చదువు పుస్తకమునకు అంగుళమునకు సుమారు 290 చుక్కలు కావలెను. అచ్చువారు 300 అడుగుట ఇందుచేతనే. రెండడుగుల దూరమున నిలిచి చూచు పటమునకు సుమారు 150 చాలును. మీటరు దూరమునకు 90 చుక్కలైనను కన్ను తప్పుపట్టదు. కావున పటమును ఎంత దూరమునుండి చూతురో ముందుగా నిశ్చయించుకొని, పిదప చిత్రమును వెదకవలెను.

శాస్త్రసభలలో వాడుకలోనున్న పెద్దపటము కొలత 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల పొడవు. అనగా సుమారు 33 అంగుళములు, 47 అంగుళములు. పటమంతయు ఒకే చిత్రముతో నింపి అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చొత్తింపవలెనన్న దాదాపు 14 కోట్ల చుక్కలు కావలెను. 150 చొప్పుననైతే మూడున్నర కోట్లు చాలును. నిజమునకు ఏ పటమునందును ఒకే చిత్రము అంత చోటాక్రమింపదు. 4000 చుక్కల పొడవు, 3000 చుక్కల వెడల్పు గల సామాన్యమైన చరవాణి ఛాయాచిత్రము, 300 చొప్పున పదమూడంగుళముల పొడవునకును, 150 చొప్పున ఇరువదియాఱంగుళముల పొడవునకును చక్కగా వచ్చును. అదే చిత్రము సందేశముల ద్వారా ఒకరినుండి యొకరికి పోయి, దారిలో కుదింపబడి 1600 చుక్కల పొడవునకు దిగినచో, 300 చొప్పున అయిదంగుళములకు మించి పనికిరాదు. అందుచేత చిత్రమును తీసినవారినుండి మూలప్రతినే, ఫైలుగా, కుదింపకుండ పంపుమని అడుగుడు. తెరపై కనబడినదానిని అట్లే పట్టుకొని అతికించుట చాలమందికి అలవాటు. తెరకు సరిపోవునది కాగితమునకు సరిపోదు.

పాత ఛాయాచిత్రములను, ఫిలిములను స్కానరుపై ఎక్కించునప్పుడు ఈ లెక్కనే త్రిప్పి వేయవలెను. ముప్పదియాఱు మిల్లీమీటర్ల ఫిలిమును పటముపై ముప్పదియాఱు సెంటీమీటర్లు చేయదలచిన, అది పదిరెట్ల పెంపు. కావున అంగుళమునకు 3000 చుక్కల చొప్పున స్కాను చేయవలెను. పుస్తకములో అచ్చుపడిన ఛాయాచిత్రమును స్కాను చేసినచో ఇంత ఫలముండదు. అచ్చుయంత్రము దానిని మునుపే సిరాచుక్కలుగా విడగొట్టియుండును. ఎంత శ్రద్ధగా స్కాను చేసినను మనకు దొరకునది ఆ సిరాచుక్కలే.

గీతలతో కూడిన చిత్రములకు, అనగా పువ్వు నిలువుకోత, వానచక్రము, దిగుబడుల రేఖాపటము మున్నగువానికి, వేఱొక ఉపాయము కలదు. వానిని చుక్కలుగా గాక గీతలుగానే, 'ఇచటనుండి ఇచటివఱకు ఇంత మందముగల గీత' అను ఆజ్ఞలుగా దాచుకొనవచ్చును. వెక్టరు చిత్రములన్న ఇవియే. ముగ్గు వేయు తల్లికి వరుస తెలిసినచో అరచేతియంత ముగ్గైనను వాకిలినిండిన ముగ్గైనను ఒకే తీరున వచ్చునుగదా! ఇవియు అంతే, గోరంత చేసినను కొండంత చేసినను గీత చెదరదు. ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాధనముతో వీనిని వ్రాసికొనవచ్చును. తెలుగు అక్షరముల విషయములో ఇది మఱింత ముఖ్యము. వత్తులు, గుడులు చిన్నవై, సిరా నిండి ఒకదానితో నొకటి కలిసిపోవును. చిత్రములోని పేరులను ఛాయాచిత్రములో కలిపివేయక, అక్షరములుగానే వేఱుగా నుంచి తగినంత పెద్దవి చేయుడు.

చిత్రము లెచట దొరకును? 2006లో ఆరంభమైన బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అను అంతర్జాల గ్రంథాలయమున లోకములోని పెద్ద గ్రంథాలయములు తమ పాత ప్రకృతిశాస్త్ర గ్రంథములను పుటపుటయు స్పష్టముగా ఎక్కించి ఉచితముగా నిచ్చుచున్నవి. నేను చెప్పిన రాక్స్‌బర్గ్ గ్రంథమును అచట చూడవచ్చును. సామర్లకోట చిత్రకారుని కొమ్మ రెండువందల యేండ్ల పిమ్మట మన గ్రంథాలయపు గోడపైకి తిరిగి రావచ్చునన్నమాట. 2004లో మొదలైన వికీమీడియా కామన్స్‌లో అన్ని శాస్త్రముల చిత్రములును గలవు. గ్రహములు, నక్షత్రములు కావలెనన్న అమెరికా అంతరిక్షసంస్థయగు నాసావారి చిత్రములు గలవు. అవి సామాన్యముగా స్వామ్యహక్కులు లేనివి. అందఱకు తెఱచియుంచిన పరిశోధన పత్రికలలో ఒక్కొక్క చిత్రమును పూర్తి కొలతతో దింపుకొనుటకు వీలుండును. వెదకునప్పుడు మొదట కనబడు చిన్న నమూనాతో తృప్తిపడక, మూలచిత్రము ఉండు పుట వఱకు వెళ్లవలెను.

దొరకినదంతయు మనది కాదు. మనదేశ చట్టము ప్రకారము కళాకృతిపై హక్కు కర్త జీవితకాలమును, అటుపిమ్మట అఱువది సంవత్సరములును ఉండును. 2002 నుండి క్రియేటివ్ కామన్స్ అను అనుమతి పత్రములు వాడుకలో నున్నవి. వానిలో కొన్ని కర్తపేరు చెప్పి వాడుకొమ్మనును; కొన్ని వ్యాపారమునకు వద్దనును; కొన్ని మార్పులు చేయవద్దనును. ఆ షరతును చదివి పాటింపవలెను. అనుమతి లేనిచోట కర్తకు జాబు వ్రాసి అడుగుటలో చిన్నతనము లేదు. పరిశోధకులలో పెక్కుమంది తమ చిత్రము ఒక పల్లె బడి గోడకెక్కునన్న సంతోషముతో నిత్తురు. చట్టము కోరినను కోరకున్నను చిత్రముక్రింద కర్త పేరు వ్రాయుట మన ధర్మము. రాక్స్‌బర్గ్ చిత్రకారులకు జరిగిన లోటు మఱియొకరికి మనచేత జరుగరాదు.

దొరకనప్పుడు నిర్మించుకొనవలెను. దానికి గొప్ప ప్రయోగశాల అవసరము లేదు. 1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్లేయుడు 'మైక్రోగ్రాఫియా' అను గ్రంథమున సూక్ష్మదర్శినిలో తాను చూచిన చిత్రములను ప్రకటించెను. అందలి పేను చిత్రము పుస్తకములో పట్టక మడత పెట్టవలసినంత పెద్దది. ఆయన ఒక్క చూపు చూచి వ్రాయలేదు. ఒకే వస్తువును పలువిధములైన వెలుగులలో, పలుప్రక్కలనుండి చూచి, నిజరూపము నిశ్చయమైన పిదపనే గీత గీసితినని చెప్పెను. ఆ సూత్రము నేటికిని చాలును. పురుగును తెల్లని పళ్లెములో నుంచి, ఉదయపు మెత్తని వెలుగును ప్రక్కనుండి పడనిచ్చి, చరవాణి కదలకుండ పుస్తకముల దొంతిపై నానించి తీయుడు. ప్రక్కవెలుగున గరుకుతనము, మచ్చలు, రోమములు తేటపడును. పదిచిత్రములు తీసి ఒక్కటి ఏరుకొనుడు. ఇంకను సూక్ష్మము కావలెనన్న, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మను ప్రకాశ్‌గారు, వారి సహచరులు రూపొందించి 2014లో ప్రకటించిన ఫోల్డ్‌స్కోప్ అను కాగితపు సూక్ష్మదర్శిని కలదు. కాగితము మడచి, చిన్న గాజుపూస నమర్చిన ఆ పరికరము వస్తువును సుమారు నూటనలువది రెట్లు పెద్దదిగా చూపును. దానికి చరవాణిని ఆనించి చిత్రము తీయవచ్చును.

ఒక హద్దును మాత్రము మఱువరాదు. వెలుగుతో చూచు ఏ సూక్ష్మదర్శినియు మిల్లీమీటరులో అయిదువేలవవంతుకంటె దగ్గఱగానున్న వానిని సామాన్యముగా విడదీసి చూపజాలదని 1873లో ఎర్నెస్ట్ ఆబే అను జర్మను శాస్త్రజ్ఞుడు చూపిన సూత్రమువలన తేలుచున్నది. ఆ హద్దు దాటుటకే 1931లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని పుట్టినది. కటకము విడదీయనిదానిని కాగితముపై ఎంత పెంచినను ప్రయోజనము లేదు. అది పొట్టును దంచుటవంటిది.

కొలత విషయము మఱొకటి. 'నాలుగువందల రెట్లు' అని చిత్రముక్రింద వ్రాయుట ఆచారము. పటముపై చిత్రమును రెండింతలు చేసినతోడనే ఆ మాట అబద్ధమగును. దానికి బదులు చిత్రములోనే ఒక కొలగీత గీసి, 'ఈ గీత ఒక మిల్లీమీటరు' అని వ్రాయుడు. చిత్రము పెరిగిన గీతయు పెరుగును, తగ్గిన తగ్గును, మాట తప్పదు. అదే కటకముతో, అదే దూరమునుండి ఒక కొలబద్దను గూడ చిత్రము తీసికొన్నచో ఆ గీతను నిర్ణయించుట సులభము.

సోదరులారా! అన్నిటికంటె ముఖ్యమైనదానిని చివరకు చెప్పుచున్నాను. చిత్రము స్పష్టముగా నుండుట ఒక యెత్తు; నిజముగా నుండుట మఱొక యెత్తు. 1868లో ఎర్నెస్ట్ హెకెల్ అను ప్రఖ్యాత జీవశాస్త్రజ్ఞుడు తన గ్రంథమున కుక్క, కోడి, తాబేలు పిండములు తొలిదశలో ఒకేతీరున నుండునని చూపుటకు ఒకే అచ్చుదిమ్మను మూడుమారులు వేయించెను. తోటి శాస్త్రజ్ఞులు కనుగొని తప్పుపట్టిరి. తరువాతి ముద్రణలలో దానిని మార్పవలసివచ్చెను. ఆయన చేసిన మంచికృషి యెంతయో కలదు. అయినను ఆ మచ్చ నూటయేబదియేండ్లు గడచినను మాయలేదు.

నేడు ఈ ప్రమాదము ప్రతివాని చేతిలోనున్నది. మసకచిత్రమునిచ్చిన నిమిషములో తళతళలాడు పెద్దచిత్రముగా మార్చి యిచ్చు కృత్రిమమేధా సాధనములు వచ్చినవి. బట్టలో లేని పోగులను అవి యెచటనుండి తెచ్చును? మునుపు చూచిన వేల చిత్రములను బట్టి 'ఇచట ఇట్లుండవచ్చును' అని ఊహించి నింపును. పెండ్లిపటమున కది ముచ్చటయే. కాని కత్తెరపురుగు వెన్నుపై మూడే మచ్చలు కనబడుచుండగా నాలుగవదానిని ఆ సాధనము కల్పించెనా, లేక నాలుగుండగా ఒకదానిని తుడిచెనా యనునది ఎవరికి తెలియును? శాస్త్రచిత్రమునకు సాక్షియొక్క విలువ కలదు. సాక్షి చూడనిదానిని చెప్పరాదు. మసకగానున్నచో చిన్నదిగానే అచ్చొత్తింపుడు, లేదా మరల తీయుడు.

వెలుగును నలుపును చిత్రమంతటికి సమానముగా సవరించుట తప్పుకాదు. ఒక్క మూలను మాత్రము దిద్దుట తప్పు. రంగు కలిపినచో కలిపితిమని చెప్పవలెను. 2022 జూలైలో వెలువడిన జేమ్స్ వెబ్ దూరదర్శిని చిత్రముల రంగులు కంటికి కనబడు రంగులు కావు. కంటికందని పరారుణ కిరణములకు శాస్త్రజ్ఞులు ఒక క్రమము ననుసరించి కేటాయించినవి. వారు దానిని దాచలేదు. అట్లు చెప్పినంతకాలము అది మోసము కాదు, భాషాంతరీకరణము. ఎఱుపు, పచ్చ రంగులను వేఱుపఱచి చూడలేనివారు మన ఊళ్లలోను గలరు. కావున ఆ రెండు రంగుల భేదముపైననే అర్థము నిలుచునట్లు పటమును కూర్చకుడు.

కార్యవర్గమువారికి ఒక చిన్న మనవితో ముగించెదను. ఈ గ్రంథాలయమున పుస్తకముల బీరువాప్రక్కన ఒక చిత్రభాండాగారమును నెలకొల్పుడు. ఈ ఊరి చేలలోని పురుగులు, తెగుళ్లు, గట్టున మొలచు మొక్కలు, చెఱువుకు వచ్చు పక్షులు, వీని చిత్రములను విద్యార్థులచేత తీయించి, మూలప్రతులను కుదింపక రెండుచోట్ల భద్రపఱపుడు. ప్రతి చిత్రమునకు తీసినవారి పేరు, తేది, చోటు, కొలత, స్థానికులు పిలుచు తెలుగుపేరు వ్రాసియుంచుడు. రస్సెల్ మన స్థానికులనడిగి వ్రాసికొన్న పేరులు విదేశమున అచ్చుపడినవి; ఈ తరము పేరులు మన గ్రంథాలయముననే నిలువనిండు. స్వర్ణోత్సవము నాటికి అట్టి చిత్రములు కొన్ని వందలైనను కూడినచో, ఈ ఊరి నేల, నీరు, పైరు ఎట్లుండెనో చెప్పు నమ్మకమైన సాక్ష్యము రాబోవువారికి దక్కును.

 ఈ గ్రంథాలయము దినదిన ప్రవర్ధమానమగుగాక!

స్వస్తి.